లేన్ స్టేలీ పోయాక ఆలిస్ ఇన్ చెయిన్స్ ఆ పేరుతో కొనసాగడం న్యాయమేనా?

రాత్రిశ్రోత:
అమెరికన్ రాక్ బ్యాండ్ ఆలిస్ ఇన్ చెయిన్స్ గాయకుడు లేన్ స్టేలీ 2002 ఏప్రిల్‌లో చనిపోయాడు. ఆ రోజే గిటారిస్టు, గాయకుడు జెర్రీ కాంట్రెల్ బ్యాండ్ పేరును పక్కన పెట్టాల్సిందనీ, తర్వాతి మూడు ఆల్బమ్‌లూ పేరు అమ్ముకోవడమేననీ అభిమానుల్లో ఒక వర్గం అంటూనే ఉంటుంది. ఈ బ్యాండ్ అంటే నాకు ప్రాణం. ఆ మాట మాత్రం ఒప్పుకోలేను.

సియాటిల్ గ్రంజ్ (1990ల నాటి బరువైన రాక్ సంగీతం) అనగానే ఒక్కో బ్యాండ్‌కు ఒక్కో గొంతు గుర్తొస్తుంది: నిర్వాణాకు కర్ట్ కొబేన్, సౌండ్‌గార్డెన్‌కు క్రిస్ కార్నెల్, పెర్ల్ జామ్‌కు ఎడ్డీ వెడ్డర్. ఆలిస్ ఇన్ చెయిన్స్‌ది రెండు గొంతుల సంగీతం. లేన్ గరుకుగా, పచ్చి గాయాన్ని రేపుతున్నట్టు పాడుతుంటే జెర్రీ పక్క స్వరం పట్టుకుని అతన్ని అంటిపెట్టుకునే నడుస్తాడు. 1992 నాటి 'డర్ట్' ఆల్బమ్‌లో చాలా చోట్ల ఎవరి గొంతు ఎక్కడ ఆగిందో విడదీయలేం. పాటలు రాసిందెవరో కూడా చూడండి. 'రూస్టర్' జెర్రీ రాశాడు, వియత్నాం యుద్ధం చేసి వచ్చిన తన తండ్రి గురించి. 'వుడ్?' కూడా అతనిదే, 1990లో హెరాయిన్‌కు బలైన మదర్ లవ్ బోన్ గాయకుడు ఆండ్రూ వుడ్‌ను తలచుకుని రాసినది. 1995 ఆల్బమ్ తొలి పాట 'గ్రైండ్'లో ప్రధాన గొంతే జెర్రీది. తాను కట్టిన ఇంట్లో తాను ఉండటానికి అతను ఎవరి అనుమతి తీసుకోవాలి?

డ్రమ్ములమోత:
రాత్రిశ్రోత గారూ, జెర్రీ ప్రతిభ గురించి నాకు పేచీ లేదు, పేరు గురించే. మీరు చెప్పిన 'డర్ట్'లోనే 'యాంగ్రీ చెయిర్', 'హేట్ టు ఫీల్' ఉన్నాయి. వాటి మాటలూ బాణీలూ లేన్‌వి. మత్తుకు లొంగిపోతున్న మనిషి తనను తాను వెనకేసుకురాకుండా పాడిన పాటలవి. 1996 ఏప్రిల్‌లో బ్రూక్లిన్‌లో చేసిన అన్‌ప్లగ్డ్ (అకూస్టిక్ వాద్యాలతో చేసే) కచేరీలో లేన్‌ను చూడండి. మనిషిలో సత్తువ లేదని కంటికే తెలుస్తుంది. 'స్లడ్జ్ ఫ్యాక్టరీ'లో మాటలు తప్పి మళ్లీ ఎత్తుకోవాల్సి వచ్చింది. అయినా 'నట్‌షెల్' అతను పాడినట్టు ఇంకెవరూ పాడలేరు. కర్ట్ పోయాక డేవ్ గ్రోల్ నిర్వాణా పేరు ముట్టుకోకుండా ఫూ ఫైటర్స్ అనే కొత్త బ్యాండ్ పెట్టుకున్నాడు. 2017లో కార్నెల్ పోయాక సౌండ్‌గార్డెన్ ఆగిపోయింది. జెర్రీ కూడా 2002లో 'డిగ్రడేషన్ ట్రిప్' ఆల్బమ్‌ను సొంత పేరుతోనే తెచ్చాడు కదా. ఆ దారిలోనే సాగి ఉండవచ్చు.

తీగలసవ్వడి:
మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. వాళ్లు మళ్లీ కలిసింది ఆల్బమ్ అమ్ముకోవడానికి కాదు. 2004 డిసెంబరు సునామీ బాధితుల సహాయార్థం 2005 ఫిబ్రవరిలో సియాటిల్‌లో కచేరీ చేశారు. ఆ సునామీ మన కోస్తా తీరాన్ని కూడా తాకింది కాబట్టి నాకు ఆ కచేరీ మీద ప్రత్యేకమైన మమకారం. ఆ రోజు హార్ట్ బ్యాండ్ ఆన్ విల్సన్, టూల్ గాయకుడు మేనార్డ్ జేమ్స్ కీనన్ లాంటివారు వచ్చి పాడారు. లేన్ స్థానంలోకి మనిషిని వెతుకుతూ మొదలైన ప్రయాణం కాదది.

రాత్రిశ్రోత:
డ్రమ్ములమోత గారూ, గ్రోల్‌తో పోలిక కుదరదు. నిర్వాణాలో అతను డ్రమ్మర్, పాటలు దాదాపు అన్నీ కర్ట్‌వి. జెర్రీ సంగతి అది కాదు.

లేన్ తర్వాత బ్యాండ్‌లోకి వచ్చిన గాయకుడు విలియం డువాల్ విషయంలో చాలామంది వినకుండానే తీర్పు చెబుతున్నారు. 2009లో వచ్చిన 'బ్లాక్ గివ్స్ వే టు బ్లూ' శ్రద్ధగా వినండి. ఎక్కువ చోట్ల ముందు నడిచేది జెర్రీ, పక్క స్వరం పట్టేది డువాల్. అంటే లేన్ స్థానంలోకి మరొకరిని తోయలేదు, ఇద్దరి మధ్య పని మళ్లీ పంచుకున్నారు. చివర ఉన్న, ఆల్బమ్ పేరే ఉన్న పాట లేన్‌కు వీడ్కోలు. పాడింది జెర్రీ, పియానో వాయించింది ఎల్టన్ జాన్. 2018లో వచ్చిన 'రెయినియర్ ఫాగ్' ఆల్బమ్ కోసం 1995 ఆల్బమ్ చేసిన సియాటిల్ స్టూడియోకే తిరిగి వెళ్లి కొంత భాగం రికార్డు చేశారు. పేరు అమ్ముకునేవాళ్లకు ఇంత పట్టింపు ఎందుకు?

డ్రమ్ములమోత:
2009 ఆల్బమ్ బాగుందని నేనూ అంటాను. నా అభ్యంతరం వేదిక గురించి. ఆ పేరు పెట్టుకున్నాక పాత పాటలు పాడక తప్పదు. 'మ్యాన్ ఇన్ ద బాక్స్' మాటలు లేన్ రాసుకున్నవి. ఆ వాక్యాలు మరొకరి నోట వింటే నాకు మనసు ఒప్పదు. కొత్త పేరు ఉంటే ఈ ఇబ్బందే ఉండేది కాదు.

రాత్రిశ్రోత:
మీ బాధ అర్థమవుతోంది. కానీ లేన్‌తో చివరి కచేరీ 1996 జులైలో జరిగింది. మీరన్నట్టు చేసి ఉంటే, ఆ తర్వాత ఈ బ్యాండ్‌ను కనుగొన్నవాళ్లెవరూ 'వుడ్?'ను, దాన్ని రాసిన మనిషి గిటార్ పట్టుకుని పాడుతుండగా ఈ బ్యాండ్‌తో విని ఉండేవారు కాదు. అందులో జెర్రీ గొంతు 1992లో ఉన్నదే, ఇప్పుడూ ఉంది. దాన్ని కూడా ఆపమంటారా?