ఫ్లోట్‌గా దాచిన కొలతల్లో నిజమైన దశాంశాలు ఎన్ని?

తిరుపతి పరిశోధక విద్యార్థి:
అందరికీ నమస్కారం. చిత్తూరు చుట్టుపక్కల మామిడి తోటల్లో పెట్టిన పరికరాలు గంటగంటకూ నమోదు చేసిన ఉష్ణోగ్రతలు నాకు ఒక బైనరీ ఫైలుగా అందాయి. విలువలన్నీ 32 బిట్ల ఫ్లోట్లు, అంటే దశాంశ సంఖ్యలను కంప్యూటరు 0, 1 అంకెల్లో దాచే రూపం. పైథాన్‌లో తెరిచి 64 బిట్లకు మార్చుకుంటే ఒక విలువ 28.399999618530273 అని కనిపించింది. ఇన్ని స్థానాల వరకు ఏ పరికరమూ కొలవదని తెలుసు; కానీ అది 28.4గా నమోదైందా, 28.40గానా, లేక ఏదైనా లెక్కలో పుట్టిందా అన్నది ఎలా తేల్చుకోవాలి? ఫైలు ఇచ్చినవారు వివరణ పత్రమేదీ జతచేయలేదు. పూత కాలపు రాత్రుల్లో అర డిగ్రీ తేడాను పట్టుకోవడమే నా పని కనుక, ఈ సందేహం తీరకుండా ముందుకు కదలలేకపోతున్నాను.

గాదంకి దారి:
మీరు చూసిన ఆ పొడవాటి సంఖ్య 28.4 మాత్రమేనండీ. ఫ్లోట్ల అమరికను నిర్ణయిస్తూ 1985లో వచ్చిన ఐఈఈఈ 754 ప్రమాణం ప్రకారం 32 బిట్ల ఫ్లోట్‌లో సంఖ్య అంకెలకు 24 బిట్లు దక్కుతాయి. అందుకే ఫ్లోట్ దాచగల సంఖ్యలు మెట్లు మెట్లుగా ఉంటాయి; 16కూ 32కూ మధ్య ఉన్న విలువలకు ఒక మెట్టుకూ తరువాతి మెట్టుకూ దూరం డిగ్రీలో 5,24,288వ వంతు. 28.4 ఏ మెట్టు మీదా సరిగ్గా కూర్చోదు కనుక, దగ్గరి మెట్టు మీద కూర్చుంది; 64 బిట్లకు మార్చగానే ఆ చిన్న తేడా బయటపడింది.

పరీక్ష ఇలా చేయండి. విలువను ఒక దశాంశ స్థానానికి సవరించి, మళ్లీ 32 బిట్ల ఫ్లోట్‌గా మార్చి, పాత బిట్లతో పోల్చండి. సరిపోలకపోతే రెండు స్థానాలకు, ఆపై మూడుకు వెళ్లండి. ఒక్క విలువ నెగ్గిందని నమ్మవద్దు, 28.40కీ 28.4కూ బిట్లు ఒక్కటే కనుక చివరి సున్నా ఎప్పటికీ తిరిగి రాదు. నిలువు వరుస మొత్తంలో ఎక్కువ స్థానాలు కోరిన విలువే జవాబు చెబుతుంది. లోపించిన కొలతలకు బదులు పెట్టిన −9999 వంటివి ముందే తీసివేయండి.

తోటల స్థానాలు కూడా అదే ఫైలులో ఉంటే ఒక జాగ్రత్త. తిరుపతి దగ్గర అక్షాంశం 13.6, రేఖాంశం 79.4. 32 బిట్లలో అక్షాంశపు మెట్టు నేల మీద దాదాపు 10 సెంటీమీటర్లు కాగా, రేఖాంశపు మెట్టు 80 సెంటీమీటర్లు దాటుతుంది. సంఖ్య పెద్దదయ్యే కొద్దీ మెట్టు కూడా పెద్దదవుతుందన్నది మరిచిపోవడం వల్లనే చాలామంది తప్పటడుగు వేస్తారు.

చిత్తూరు పాల లెక్క:
ఆ తప్పటడుగు వేసినవారిలో నేనూ ఒకడిని. నేను పనిచేసిన ఒక పాల సేకరణ కేంద్రంలో రైతుల చెల్లింపుల మొత్తాన్ని 32 బిట్ల ఫ్లోట్‌లో కూడుతూ పోయేవారు. మొత్తం 1,31,072 రూపాయలు దాటాక మెట్టు ఒకటిన్నర పైసాకు పైగా ఉంటుంది కనుక, ఒక్కో పద్దు కలిపినప్పుడల్లా పైసలు అటూఇటూ జారేవి. విడివిడి రసీదులు సరిగ్గానే ఉండి మొత్తం మాత్రం తేడా రావడంతో, గుమాస్తాను అన్యాయంగా అనుమానించారు. పైసలను పూర్ణాంకాలుగా దాచాకే లెక్క కుదిరింది.

తోట సెన్సర్లు బిగించేవాడిని:
విద్యార్థి గారూ, దశాంశ స్థానాల పరీక్షతోనే ఆగవద్దు. మా వైపు తోటల్లో ఎక్కువగా డీఎస్18బీ20 అనే ఉష్ణోగ్రత సెన్సరు వాడతాము. అది 12 బిట్ల అమరికలో 0.0625 డిగ్రీల మెట్లుగా చదువుతుంది. అందుచేత 28.4375 వంటి విలువ వస్తుంది. నాలుగు దశాంశాలు చూసి ఎంతో సూక్ష్మమైన కొలత అనుకుంటాము గానీ, అది డిగ్రీలో పదహారో వంతు మాత్రమే. విలువలన్నింటినీ 16తో గుణించి చూడండి, పూర్ణాంకాలు వస్తే విషయం తేలిపోయినట్టే. 28.3333 వంటివి కనిపిస్తే ఫారన్‌హీట్‌కు మార్చి చూడండి. అది సరిగ్గా 83 డిగ్రీలు, అంటే మొదట ఫారన్‌హీట్‌లోనే నమోదై ఉండవచ్చు.

ఇంకొక మాట. ఆ సెన్సరు మెట్టు పదహారో వంతైనా, −10 నుంచి 85 డిగ్రీల వరకు దాని కొలత నిజానికి అర డిగ్రీ అటూఇటూ ఉండవచ్చునని తయారీదారులే చెబుతారు. ఫైలులోని బిట్లు మెట్టును చూపుతాయి తప్ప ఈ లోపాన్ని చూపవు.

తిరుపతి పరిశోధక విద్యార్థి:
మీ అందరికీ కృతజ్ఞతలు. రెండు పరీక్షలూ చేశాను. ఫైలు మొదటి భాగంలోని విలువలన్నీ 16తో గుణిస్తే పూర్ణాంకాలయ్యాయి. ఒక తేదీ తరువాత అన్నీ ఒక దశాంశానికే సరిపోయాయి. అంటే నడుమ పరికరం మారి ఉండాలి, లేదా సవరించి రాసే పద్ధతి మారి ఉండాలి. నాకు కనిపించిన 28.4 ఈ రెండో భాగంలోనిదే. ఆ తేదీ గురించి ఫైలు ఇచ్చినవారికి ఈ రోజే రాశాను. వారి జవాబు వచ్చేవరకు రెండు భాగాలనూ కలపను; ఒక తోటను మరో తోటతో పోల్చకుండా, ఒకే పరికరం చూపిన రాత్రికీ రాత్రికీ మధ్య తేడాలనే లెక్కిస్తాను.