మెషిన్ పెట్టుకున్నా నిద్ర పట్టట్లేదు, ఇక్కడ ఇంకెవరికైనా ఇలా ఉందా?

గోదారిగట్టు:
నాకు 47. స్లీప్ స్టడీలో ఏహెచ్ఐ (నిద్రలో గంటకి ఎన్నిసార్లు ఊపిరి ఆగుతోందో, తగ్గుతోందో చెప్పే లెక్క) 38 వచ్చింది. సీపాప్, అదే మాస్క్‌లోంచి గాలి ఊది గొంతు మూసుకుపోకుండా చూసే మెషిన్, మొదలుపెట్టి రెండు నెలలు. ఇప్పుడు తెర మీద 3 చూపిస్తోంది. గురక పోయింది, మా ఆవిడ హాయిగా పడుకుంటోంది. నాకే నిద్ర లేదు. పదికి మాస్క్ తగిలించుకుని పడుకుంటే ఒంటిగంట దాకా ఫ్యాను వంక చూడటమే. మళ్ళీ మూడింటికి మెలకువ. తెల్లారి చూస్తే మాస్క్ దిండు కింద ఉంటుంది, ఎప్పుడు పీకేశానో గుర్తుండదు. నిద్రమాత్ర వేసుకోవచ్చా? మెషిన్ గాలికి తేమ ఇచ్చే డబ్బాలో ఏ నీళ్ళు పోస్తున్నారు? వచ్చే నెల గౌతమిలో హైదరాబాద్ వెళ్ళాలి, రైల్లో మెషిన్ ఎలా?

బెజవాడ రాజు:
మాత్ర జోలికి పోకండి గురూగారూ. అప్నియా (నిద్రలో ఊపిరి ఆగే ఈ జబ్బు) ఉందని తెలియని రోజుల్లో చీటీ లేకుండానే షాపులో అల్‌ప్రజోలమ్ అనే నిద్రమాత్ర ఇచ్చారు, ఆరు నెలలు మింగాను. నిద్రయితే పట్టేది, గురక మాత్రం వీధి చివరికి వినపడేదట. గొంతు కండరాలు ఇంకా వదులైపోతాయని తర్వాత డాక్టరు తిడితే తెలిసింది. నీళ్ళంటారా, ఇన్వర్టర్ బ్యాటరీకి పోసేవే ఇందులోనూ పోస్తాను.

ఓరుగల్లు స్వప్న:
బ్యాటరీ నీళ్ళా? రాత్రంతా ఆ ఆవిరి పీలుస్తున్నారా రాజుగారూ? మా ఇంట్లో ఆర్వో నీళ్ళే. నాన్నకి ఏ ఇబ్బందీ రాలేదు.

బెజవాడ రాజు:
మూడేళ్ళయింది. ఇదిగో, బతికే ఉన్నాను.

ఓరుగల్లు స్వప్న:
మా పెద్దనాన్న కూడా చుట్ట కాలుస్తూ ఇదే మాట అనేవారు.

స్లీప్‌ల్యాబ్ బాబాయ్:
22 ఏళ్ళు ఈ మెషిన్ల మధ్యే బతికాను, కాస్త వినండి. ఇద్దరిదీ తప్పే. ఆర్వో నీళ్ళలో ఎంతో కొంత లవణం మిగులుతుంది, అదే డబ్బా అడుగున తెల్లగా పొలుసు కడుతుంది. బ్యాటరీ నీళ్ళు బ్యాటరీ కోసం తయారుచేసినవి, పీల్చడానికి పనికొస్తాయని ఎవరూ హామీ ఇవ్వరు. మందుల షాపులో అడిగి డిస్టిల్డ్ వాటర్ తెచ్చుకోండి, పొద్దున్నే మిగిలింది పారబోసి డబ్బా ఆరబెట్టండి. ఇక అసలు విషయం. అప్నియాతోపాటు నిద్రలేమి ఉండటం కొత్తేమీ కాదు, నిద్ర మీద పరిశోధన చేసిన గియెమినో బృందం 1973లోనే రాసింది. సీపాప్‌ని డాక్టర్ సలివన్ సిడ్నీ నుంచి లోకానికి చెప్పింది 1981లో. అంటే ఈ జబ్బు మెషిన్ కన్నా ముందే...

బెజవాడ రాజు:
బాబాయ్, చరిత్ర పరీక్ష ఎప్పుడు? నాకు తెల్లటి పొలుసు ఒక్కసారి కూడా రాలేదు. స్వప్నగారిని డబ్బా ఫొటో పెట్టమనండి.

ఓరుగల్లు స్వప్న:
పెట్టను. పొలుసు ఉంది. వెనిగర్‌తో పోతుంది. మీ బ్యాటరీ మాత్రం బాగుండాలి.

డాలస్ పిన్ని:
నీళ్ళ గొడవ ఆపండర్రా. ఇక్కడ బీమావాళ్ళకి రాత్రికి 4 గంటలు వాడినట్టు లెక్క చూపించాలి, లేదంటే మెషిన్ వెనక్కి తీసుకుంటారు. ఆ టెన్షన్‌తోనే నాకు నిద్ర పోయింది. చివరికి సాయంత్రం టీవీ చూస్తూ గంటసేపు మాస్క్ పెట్టుకోవడం అలవాటు చేసుకున్నా. మా అత్తగారు వీడియో కాల్‌లో చూసి ఏనుగు తొండం అన్నారు, అననీ. ర్యాంప్ ఆన్ చేస్తే గాలి తక్కువగా మొదలై మెల్లగా పెరుగుతుంది, అది చూసుకో తమ్ముడూ. ఇంకోటి, నువ్వు నిద్రపోయేది నాలుగైదు గంటలే అయితే పదికే మంచం ఎక్కడం దేనికి? పన్నెండున్నరకి పడుకో, ఆరింటికి లే. నిద్ర రాకపోతే మాస్క్ తీసి హాల్లోకి వెళ్ళి కూర్చో. నాకు థెరపిస్టు ఇదే చేయించింది, మొదటి వారం ఏడుపొచ్చింది.

హైవే సూరి:
ఆ సలహా అందరికీ కాదక్కా. నేను లారీ తోలతాను. నిద్ర కుదించమని ఎవరో చెబితే చేశాను, మూడోరోజు నార్కెట్‌పల్లి దాటాక కళ్ళు మూసుకుపోయి బండి రోడ్డు అంచు దిగింది. దేవుడి దయ, మట్టి మెత్తగా ఉంది.

స్లీప్‌ల్యాబ్ బాబాయ్:
సూరి చెప్పింది బంగారం. పగలు కునుకు వచ్చేవాళ్ళూ, స్టీరింగ్ పట్టేవాళ్ళూ డాక్టర్ని అడగకుండా ఇది మొదలుపెట్టకూడదు. అయిదు గంటలకన్నా తగ్గించకూడదు కూడా. అయితే పద్ధతి మంచిదే. ఆస్ట్రేలియాలో 145 మంది మీద చూశారు, 2019లో పేపర్ వచ్చింది. ముందుగా నిద్రలేమికి ఇలాంటి థెరపీ ఇచ్చి తర్వాత మెషిన్ ఇస్తే, రాత్రికి గంటసేపు ఎక్కువ వాడారు. నేను ఆ పేపర్ వరసవరస చదివాను.

బెజవాడ రాజు:
అందులో నీళ్ళ గురించి ఏం రాశారు?

స్లీప్‌ల్యాబ్ బాబాయ్:
నువ్వు నా పెళ్ళికి వచ్చినవాడివి కాదు కాబట్టి మర్యాదగా చెబుతున్నా, ఊరుకో.

గోదారిగట్టు:
పదిరోజులైంది, చెప్పి వెళదామని వచ్చాను. నాది బ్యాంకులో కుర్చీ ఉద్యోగం, డాక్టరు సరేనన్నారు. పిన్ని చెప్పినట్టు పన్నెండున్నరకి పడుకున్నా. నాలుగురోజులు కౌంటర్లో దయ్యంలా ఉన్నాను. మొన్న అయిదింటికి మెలకువ వచ్చింది, మాస్క్ ముఖానే ఉంది. నిన్న మళ్ళీ మూడుకే. ఇంతకీ రైలు సంగతి ఎవరూ చెప్పలేదు.

హైవే సూరి:
రాత్రి పదకొండు దాటితే ప్లగ్గుల్లో కరెంటు ఆపేస్తుంటారన్నా, నమ్ముకోకు. మెషిన్‌కి సరిపోయే బ్యాటరీ ఒకటి కొనుక్కో.

బెజవాడ రాజు:
బ్యాటరీ మాట ఈసారి నేను ఎత్తలేదు, అందరూ గమనించగలరు.