కసుగ రాతలో వసంతం ఎక్కడిది?

వెన్నెలవాగు: పాతకాలపు జపాన్ కవి నకమరో పద్యం ఒకటి నిన్నటి నుంచి వదలట్లేదు. “...కసుగ నరు మికస నో యమ ని ఇదెషి త్సుకి కమొ.” కసుగలో మికస కొండ మీద పొడిచిన ఆ చంద్రుడేనా ఇతడు అని. మొదటి పాదం గుర్తు రావట్లేదు, నీలి సముద్రం అని ఏదో లీలగా ఉంది. నా సందేహం మాత్రం వేరు. కసుగ అని పలికే ఈ నార ప్రాంతపు ఊరిపేరును, ఇంటిపేరును ‘వసంతం’, ‘దినం’ అనే అర్థాలున్న రెండు చైనా అక్షరాలతో ఎందుకు రాస్తారు?

పాతఅట్ట: అది మకురకొతొబ, అంటే పాత పాటల్లో ఒక పేరుకు ముందు వాడుకగా వేసే విశేషణం, చేసిన పనే కదండీ. పాటల్లో కసుగకు ముందు ‘హరుహి’, అంటే వసంత దినం, అని వేసేవారు. ఆ విశేషణం రాతే పేరుకు అంటుకుపోయింది. అసుక అనే ఊరిపేరును ‘ఎగిరే పక్షి’ అని రాయడమూ ఇలాగే. హసెగవ ఇంటిపేరులో ‘పొడవైన లోయ’ కూడా అంతే.

గసడదవ: రాత సంగతి సరే, శబ్దం చూడండి. చివరి ‘గ’ అసలు ‘క’యే అంటాను. చోటు అనే అర్థంలో ‘సుమిక’, ‘అరిక’ మాటల్లో ఉన్న ‘క’ అది. అన్నదమ్ముల్లో ‘త’ ‘ద’ అయినట్టు ఇక్కడా సరళమైంది. కార్టూన్ షిన్‌చాన్ ఊరు కసుకబె చూడండి, అవే రెండు అక్షరాలు, కానీ ‘క’ నిలిచింది.

పాతఅట్ట: సుమికలో మారని ‘క’ ఇక్కడ మాత్రం ఎందుకు మారాలి? 720 నాటి చరిత్ర గ్రంథం నిహోన్ షోకిలో కగెహిమె పాటను శబ్దాన్ని బట్టే రాశారు, అందులోనూ ‘గ’యే ఉంది. కసుకబెను ఎదో యుగంలో (1603–1868) వేరే అక్షరాలతో రాసేవారు. వసంత దినం మళ్లీ వచ్చింది 1944లో ఊళ్లు కలిపినప్పుడు. దాన్ని సాక్ష్యంగా ఒప్పుకోను.

మంచుకొండ: కసుమి, అంటే పొగమంచు, నుంచి వచ్చిందనే వాదం నాకిష్టం. ఆ కొండల దిగువకు సరిగ్గా అతుకుతుంది.

గసడదవ: మరి ‘మి’ ఎటు పోయిందండీ?

మంచుకొండ: దానికి తర్వాత వస్తాను. ముందు ఆ సముద్రం సంగతి, అది ఉత్త భ్రమ కాదు! కొకిన్‌షూ అనే పాత పద్య సంకలనంలో మొదటి పాదం ‘అమ నో హర’, ఆకాశం. ఆ సంకలనకర్తల్లో ఒకడైన త్సురయుకి తన ప్రయాణ దినచర్య తోస నిక్కిలో మాత్రం ‘అఓఉనబర’ అన్నాడు, నీలి కడలి. ఆ రాత్రి కొండ అంచు లేదు, చంద్రుడు సముద్రంలోంచే వచ్చాడని అక్కడే రాశాడు. అందుకే మార్చి ఉంటాడు. 717లో తాంగ్ చైనాకు వెళ్లిన నకమరో 753లో ఇంటికి బయల్దేరితే ఓడ వియత్నాం వైపు కొట్టుకుపోయింది. పోయాడనుకుని చైనా కవి లీ బాయ్ విలాప పద్యం రాశాడు. నకమరో బతికాడు, కానీ 770లో తాంగ్ రాజధాని చాంగాన్‌లోనే కన్నుమూశాడు. కసుగను మళ్లీ చూడనేలేదు. అది తలుచుకుంటే ‘కసుగ నరు’లోని ఆ ‘నరు’ (‘లో ఉన్న’) దగ్గరే గొంతు పట్టేస్తుంది.

వెన్నెలవాగు: ఇంటిపేరు గురించి ఎవరైనా చెప్పండి. షోగన్ ఇఎమిత్సును పెంచిన దాది కసుగ నో త్సుబొనెది ఇంటిపేరేనా?

పాతఅట్ట: కాదు. ఆమె సైతో ఇంటి ఆడపడుచు, పేరు ఫుకు. ‘కసుగ’ 1629లో క్యోతో ఆస్థానం ఇచ్చిన బిరుదు. ఇక మంచుకొండ గారూ, రెండో పాదం ‘ఫురిసకె మిరెబ’, అంటే తలెత్తి దూరంగా చూస్తే. సముద్రాన్ని తలెత్తి ఎవరు చూస్తారు? ఆకాశమే సరైన పాఠం.

మంచుకొండ: ఓడ మీద నిలబడినవాడికి ఎదురుగా ఉన్నది సముద్రమే. ‘సకె’లో దూరం ఉందిగానీ ఎత్తు ఎక్కడుంది?