పాత పిక్చర్ ట్యూబులకు బదులు ఎల్‌సీడీ తెరలు అమర్చవచ్చునా?

ప్రశ్న (బరంపురం నుంచి):
మా మేనమామగారి టీవీ రిపేరు దుకాణం మూతపడగా మిగిలిన పాత పిక్చర్ ట్యూబు టీవీలతో, టీవీలతో శిల్పాలు నిర్మించిన కొరియా మూలాల వీడియో కళాకారుడు నామ్ జూన్ పైక్ (1932–2006) కృషి స్ఫూర్తిగా, ఇక్కడి తెలుగువారి ఉగాది వేడుకలలో ఒక శిల్పం నిలబెట్టాలని నా సంకల్పం. పనిచేయని ట్యూబుల స్థానంలో ఎల్‌సీడీ తెరలు పెడితే కృతి స్వభావం దెబ్బతింటుందా?

జవాబు (పర్లాకిమిడి):
మీరు ట్యూబును ఎందుకు ఎంచుకున్నారన్నదే ఇక్కడ ముఖ్యం. 1965లో పైక్ నలుపు తెలుపు టీవీ మీద గుర్రపునాడా ఆకారపు పెద్ద అయస్కాంతాన్ని ఉంచినప్పుడు ట్యూబు లోపల తెరమీద బొమ్మను గీసే ఎలక్ట్రాన్ పుంజం వంగి, తెరమీది కాంతి మెలికలు తిరిగింది. ఎల్‌సీడీలో ఆ పుంజమే లేదు కనుక అందులో ఆ కృతి పుట్టదు. కేవలం దృశ్యాలు చూపడానికే అయితే మార్చడంలో దోషం లేదని నా అభిప్రాయం. కలర్ టీవీ మీద మాత్రం బలమైన అయస్కాంతం పెట్టకండి, రంగుల మచ్చలు నిలిచిపోతాయి.

జవాబు (రాయగడ):
దక్షిణ కొరియాలోని గ్వాచన్‌లో 1988లో పైక్ 1003 టీవీలతో నిర్మించిన గోపురాన్ని 2018లో ఆపివేసి, 2022లో తిరిగి వెలిగించినప్పుడు 737 ట్యూబులను బాగుచేసి లేదా వాడిన ట్యూబులతో మార్చి నిలుపుకున్నారు. పైభాగంలోని 266 చిన్నవాటికి మాత్రమే ఎల్‌సీడీ అమర్చారు. మీరూ వీలైనన్ని ట్యూబులను కాపాడండి. ప్లగ్గు తీసినా ట్యూబులో వేల వోల్టులు నిలిచి ఉండవచ్చు, గాజులో సీసం కూడా ఉంటుంది. దయచేసి వెనుక మూతను మీ మామయ్యగారిచేతనే తీయించండి.