సెల్లార్ టాయిలెట్ పక్కన స్నానానికి షవర్ పెట్టించవచ్చా?

రింగురోడ్డు శారద: మాది విజయనగరం రింగ్ రోడ్డు దగ్గర అపార్ట్‌మెంట్. సెల్లార్‌లో వాచ్‌మన్ కుటుంబానికి ఒక గది, ఒక టాయిలెట్ ఉన్నాయి, స్నానానికి చోటు లేదు. టాయిలెట్ గోడ అవతల నాలుగడుగుల జాగా ఉంది. అక్కడ షవర్ పెట్టి తలుపు బిగిద్దామంటే, సెల్లార్‌లో నీళ్ళ పని వద్దని అసోసియేషన్‌లో కొందరు అడ్డుపడుతున్నారు. ఆదివారం మీటింగ్. తెలిసినవాళ్ళు చెప్పండి.

పైపుల మేస్త్రి: అమ్మా, ముందు మట్టం చూడాలి. మీ కమోడ్ పీ-ట్రాప్‌ది అయితే దాని గొట్టం నేల మీద సుమారు 7 అంగుళాల ఎత్తున గోడలోకి పోతుంది. అందుకే సెప్టిక్ ట్యాంకుకి వాటం సరిపోయి ఉంటుంది. స్నానం నీళ్ళు అలా కాదు. జాలీ నేల మట్టానే ఉంటుంది, ట్రాప్ (వాసన రాకుండా నీళ్ళు నిలిచే వంపు) దానికింకా కింద. అక్కడి నుంచి అడుక్కి పావంగుళం వాటం ఇస్తూ ట్యాంకు దాకా పోవాలి. కుదరకపోతే స్నానం చేసే చోటు ఎత్తు లేపాలి, లేదా చిన్న గుంట కట్టి ఫ్లోట్ స్విచ్ పంపుతో (నీళ్ళు పెరిగితే దానంతటదే ఆడేది) తోడించాలి. నీళ్ళు వెనక్కి రాకుండా నాన్ రిటర్న్ వాల్వు తప్పనిసరి. ఎత్తు లేపితే తలకి శ్లాబు తగలొచ్చు, అప్పుడు హ్యాండ్ షవరే మేలు.

రెండు బ్లాకుల ప్రెసిడెంట్: పంపు మీద ఆధారపడే పని ఏదీ సెల్లార్‌లో పెట్టకూడదు. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ వచ్చినప్పుడు మన ఊళ్ళో రోజుల తరబడి కరెంటు లేదు. పంపు ఆగితే ఆ నీళ్ళు కార్ల కిందకే. మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఏసీ గొట్టం కారి పిల్లర్ మొదట్లో ప్లాస్టర్ ఊడింది, లోపల కడ్డీ తుప్పు పట్టి ఉబ్బిపోయింది. బిల్డర్ ఇప్పటికీ ఫోన్ ఎత్తడు.

కోట దగ్గర కుర్రాడు: టబ్ పెట్టండి, అంచు ఉంటుంది కాబట్టి నీళ్ళు బయటికి రావు.

పైపుల మేస్త్రి: తమ్ముడూ, టబ్ నింపితే వంద లీటర్లు దాటుతుంది, అదంతా ఒక్కసారే వదులుతారు. బకెట్టు స్నానానికి ఇరవై చాలు. చిన్న గుంటకి ఏది భారం?

రింగురోడ్డు శారద: ప్రెసిడెంట్ గారూ, మా ర్యాంపు కింద వాన నీళ్ళ సంపు, దానికో పంపు ఇప్పటికే ఉన్నాయి. అది ఆగినా సెల్లార్ మునుగుతుంది కదా? దాన్ని ఎవరూ తీసేయమనరే? పైగా కరెంటు లేకపోతే మోటారు ఆడదు, పై ట్యాంకు అయిపోయాక స్నానం నీళ్ళూ ఉండవు.

రెండు బ్లాకుల ప్రెసిడెంట్: కడ్డీ తుప్పు గురించి మీరు జవాబు చెప్పలేదు.

పైపుల మేస్త్రి: టైల్స్ వేయకముందే వాటర్‌ప్రూఫింగ్ చేసి, గోడల మీదకీ ఎక్కించి, జాలీ మూసి ఒక రోజంతా నీళ్ళు నిలబెట్టి చూస్తే తుప్పు భయం చాలావరకు పోతుంది. ఎగ్జాస్ట్ ఫ్యాన్ గాలిని సెల్లార్‌లోకి కాదు, బయటికి తీయాలి. ఇంకోటి, సబ్బు నీళ్ళు మాత్రం ఆ వాన సంపులో కలపకండి.

రెండు బ్లాకుల ప్రెసిడెంట్: ఇవాళ షవర్, రేపు గీజర్, ఎల్లుండి చుట్టాలు. మా దగ్గర ఒకతన్ని ఖాళీ చేయించడానికి నానా తిప్పలు పడ్డాం. సౌకర్యాలు పెంచితే ఎవరూ కదలరు. ప్లాన్‌లో సెల్లార్ పార్కింగే.

రింగురోడ్డు శారద: ఇదన్నమాట అసలు సంగతి! తుప్పు, తుపాను అని ఇంతసేపు ఎందుకండీ? ఆ ఇల్లాలు తెల్లారకముందే లేచి, రెండు కార్ల మధ్య తాడుకి పాత చీర కట్టి, కార్లు కడిగే కుళాయి దగ్గర స్నానం చేస్తోంది. లైటు సెన్సార్‌ది, ఎవరైనా ర్యాంపు దిగితే ఠక్కున వెలుగుతుంది. హైస్కూలుకెళ్ళే కూతురుంది, ఆ పిల్లా అక్కడే. ఆ నీళ్ళు ఇప్పుడూ సెల్లార్ నేల మీదే పారుతున్నాయి, తుప్పు పడతాయని మీరు భయపడే పిల్లర్ల పక్కనుంచే.

శ్రీకాకుళం మావయ్య: ఏటండీ ఇది! మనిషి తానం చెయ్యడానికి ఓటింగా?

రెండు బ్లాకుల ప్రెసిడెంట్: నేనూ ఆడపిల్లల తండ్రినే అమ్మా. కానీ రేపు పేచీ వస్తే సంతకం పెట్టినవాడే తిరగాలి, మీరు రారు. ఉద్యోగం ఉన్నన్నాళ్ళే గది అని కాగితం రాయించండి, తర్వాత షవర్ మాట మాట్లాడదాం.

రింగురోడ్డు శారద: కాగితం రాయిస్తాం. కానీ అది పూర్తయ్యేదాకా ఆ పిల్ల చీర చాటున ఉండాలంటే ఒప్పుకోను. రెండూ ఒకే మీటింగ్‌లో తేలాలి. నా వాటాకి రెండింతలు ఇస్తాను.

పైపుల మేస్త్రి: అమ్మా, మీటింగ్‌లోపు సెప్టిక్ ట్యాంకు మూత తీయించి, లోపలికొచ్చే గొట్టం అడుగు ఎంత లోతులో ఉందో కొలిపించండి. సెల్లార్ నేల కంటే బాగా కిందకుంటే పంపే అక్కర్లేదు, ఖర్చు తగ్గుతుంది.

రెండు బ్లాకుల ప్రెసిడెంట్: కొలవండి. కాగితం విషయంలో మాత్రం నా మాట మారదు.