కాలేజీకి సొంత మెయిల్ సర్వర్ ఉంచాలా, అద్దెకు మారాలా?

సర్వర్‌శీను: మా కాలేజీ ఫీజు రసీదులు జీమెయిల్‌కి కొన్ని స్పామ్‌లోకి పోతున్నాయి, కొన్ని 5.7.25 అనే ఎర్రర్‌తో తిరిగొస్తున్నాయి. సర్వర్ సొంతది, మెయిల్ సాఫ్ట్‌వేర్ పోస్ట్‌ఫిక్స్. ఎస్‌పీఎఫ్ (మా పేరుతో ఏ సర్వర్లు మెయిల్ పంపొచ్చో చెప్పే జాబితా) ఉంది, డీకిమ్ (మెయిల్ మీద వేసే డిజిటల్ సంతకం) లేదు. ప్రిన్సిపల్ గారు అద్దె మెయిల్ తీసుకోమంటున్నారు.

రాత్రిడ్యూటీ: తీసేసుకోండి. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్‌కి రోజుకి 5000 పైన పంపేవాళ్లకి ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ (ఆ రెండూ తప్పితే మెయిల్‌ని ఏం చెయ్యాలో చెప్పేది) మూడూ ఉండాల్సిందే. చిన్నవాళ్లకైనా మొదటి రెంట్లో ఒకటి, దాంతోపాటు పీటీఆర్ (ఐపీ అడ్రస్‌ని బట్టి సర్వర్ పేరు చెప్పే రికార్డు) తప్పదు.

బెజవాడబాబాయ్: డీకిమ్ పెట్టడం అరగంట పని, దానికి కొంప మారతారా? తమ్ముడూ, ఎస్‌పీఎఫ్ చివర ఏముంది? టిల్డా ఆలా (జాబితాలో లేని సర్వర్‌ని అనుమానించు అని), మైనస్ ఆలా (తిప్పికొట్టు అని)?

సర్వర్‌శీను: టిల్డా అండీ.

బెజవాడబాబాయ్: అదీ జబ్బు. మైనస్ పెట్టు.

గోదారోడు: టిల్డా గొడవ మళ్లీ మొదలు.

రాత్రిడ్యూటీ: టిల్డాకీ దీనికీ సంబంధం లేదు బాబాయ్ గారూ. మైనస్ పెడితే, ఫార్వర్డ్ అయి వేరే సర్వర్ నుంచి వచ్చిన మెయిల్‌ని కొందరు డీకిమ్ చూడకుండానే గుమ్మంలోంచి తిప్పేస్తారు.

బెజవాడబాబాయ్: 15 ఏళ్లుగా మైనస్సే తల్లీ. ఒక్కటీ పోలేదు.

రాత్రిడ్యూటీ: పోయిందని మీకు మెయిల్ ఎవరు రాస్తారు? తల్లీ అనడం కూడా ఆపండి. మా పాత ఆఫీసులో ఎవరిదో పాస్‌వర్డ్ దొరికి రాత్రికి రాత్రి మా సర్వర్లోంచి వేలల్లో స్పామ్ పోయింది. ఐపీ బ్లాక్‌లిస్టులో పడింది. చెల్లి పెళ్లి పందిట్లో లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని తీసెయ్యమని ఫారాలు నింపాను. సొంత సర్వర్ అనే వాళ్లెవరూ ఆ రాత్రి లేరు.

బెజవాడబాబాయ్: నాకూ ఉందమ్మా కథ. మా షాపు మెయిల్ అద్దెదే. బిల్లు ఆలస్యమైందని ఖాతా మూసేశారు. పదకొండేళ్ల ఉత్తరాలు లోపలే. ఫోనెత్తే మనిషి లేడు. ఎవరి కాళ్లు పట్టుకోవాలో తెలియక కూర్చున్నా చూడు, అప్పట్నుంచీ సొంతమే.

రాత్రిడ్యూటీ: అదన్నమాట. మీకు వాళ్లని బతిమాలడం ఇష్టం లేదు, నాకు రాత్రి ఫోన్ రావడం ఇష్టం లేదు. టిల్డా మీదెందుకు పడ్డాం? శీనూ, ఆ ఫోన్ నీకే వస్తుంది, చూసుకో.

గోదారోడు: 5.7.25 అంటే పీటీఆర్ లోపం. తిరిగొచ్చినవి ఐపీవీ6 (కొత్త రకం ఐపీ అడ్రస్) లోంచి పోయాయేమో చూడు.

సర్వర్‌శీను: అన్నా, అవే! పాత రకం ఐపీవీ4కి పీటీఆర్ ఉంది, 6కి లేదు. ఎస్‌పీఎఫ్‌లో కూడా ఆ అడ్రస్ రాయలేదు.

గోదారోడు: ప్రస్తుతానికి పోస్ట్‌ఫిక్స్‌ని ఐపీవీ4కే కట్టెయ్. రీలోడ్ చాలదు, పూర్తిగా ఆపి మళ్లీ మొదలెట్టు.

సర్వర్‌శీను: తిరిగిరావడం ఆగింది. స్పామ్ సంగతికి రేపు డీకిమ్ పెడతా. ప్రిన్సిపల్ గారికి ఏం చెప్పాలో ఇంకా తేల్చుకోలేదు.

బెజవాడబాబాయ్: టిల్డా తీశావా?