అమెరికా చిన్న ఊళ్ళలో పాత డైనర్ కమ్ మిఠాయి కొట్లు: శాకాహారులు ఏం అడగాలి, ఏం కొనాలి?

పప్పుచారు_ప్రియం: వచ్చే నెల ఇండియానా, అయోవా వైపు కారులో వెళ్తున్నాం. తరతరాలుగా ఒకే కుటుంబం నడిపే డైనర్లు (చిన్న టిఫిన్, భోజనం హోటళ్ళు), ముందు భాగంలో గాజు బీరువాల్లో సొంత మిఠాయిలు పెట్టి అమ్మేవి, ఒకటి రెండు చూడాలి. మాంసం ఎవరం ముట్టం, పెద్దవాళ్ళిద్దరికీ గుడ్డు కూడా పడదు. ఎప్పుడు వెళ్ళాలి? ఏం అడగాలి? ఇండియాకి ఏం పట్టుకెళ్ళొచ్చు?

కౌంటర్_స్టూలు: సరైన టైముకి వెళ్తే సగం పని అయినట్టే. ఇలాంటివి చాలావరకు తెల్లారి తెరిచి మధ్యాహ్నం రెండింటికల్లా వంట ఆపేస్తాయి. సోమవారం సెలవు మామూలే. ఆదివారం చర్చి వదిలాక పదకొండున్నర నుంచి ఒంటిగంట దాకా స్టూలు ఖాళీ ఉండదు. ఫోన్ చేసినప్పుడు "ఎప్పుడు మూస్తారు" అనకండి, "గ్రిల్ ఎప్పుడు ఆపుతారు" అనండి. రెండింటికి మూసే చోట ఒకటిన్నరకే పెనం గీకి కడిగేస్తుంటారు, ఆ తర్వాత ఐస్‌క్రీమే గతి. కార్డు తీసుకోని కొట్లు ఇంకా ఉన్నాయి, నోట్లు పెట్టుకోండి. "సీట్ యువర్‌సెల్ఫ్" అని బోర్డుంటే ఎవరో వచ్చి పిలుస్తారని గుమ్మంలో నిలబడొద్దు. బిల్లు టేబుల్ మీద పెట్టి వెళ్తారు, డబ్బు గల్లా దగ్గర కట్టాలి.

గుడ్డుకి_దూరం: "వెజిటేరియన్" అన్న ఒక్క ముక్కతో వదిలేస్తే కోడి తీసేసి కోడి రసంలో ఉడికిన సూప్ ఇస్తారు. పాపం, వాళ్ళ తప్పు కాదు. అడిగేదేదో పదార్థం పేరు పెట్టి అడగాలి.

పెద్ద చిక్కు పెనంతోనే. పొద్దున బేకన్ (పంది మాంసం) కాల్చిన కొవ్వు మీదే హాష్ బ్రౌన్స్ (తురిమిన బంగాళాదుంప వేపుడు) పరుస్తారు. "పెనం మీద శుభ్రమైన చోట, వెన్నతో" అని చెప్పండి, రద్దీ లేకపోతే విసుక్కోకుండా చేస్తారు. ఫ్రైస్ వేగే నూనెలో చికెన్, చేప వేగుతాయా అని వేరే అడగాలి. గ్రీన్ బీన్స్‌లో బేకన్ ముక్క, బేక్డ్ బీన్స్‌లో పంది మాంసం చాలాచోట్ల ఉంటాయి. తెల్ల గ్రేవీలో సాసేజ్ ఉంటుంది. బిస్కట్ అంటే టీలో ముంచుకునేది కాదు, మెత్తటి ఉప్పు రొట్టె. పాత కొట్లలో దాంట్లోనూ, 'పై' (pie) అనే తీపి వంటకం అడుగు పిండిలోనూ పంది కొవ్వు కలుపుతారు. "లార్డా (పంది కొవ్వా), షార్టెనింగా (గట్టి వంటనూనా)?" అంటే చాలు, అర్థమవుతుంది.

పెద్దవాళ్ళకి గ్రిల్డ్ చీజ్ (చీజ్ పెట్టి కాల్చిన బ్రెడ్), అదీ వెన్నతో. పక్కన పచ్చి ఉల్లిపాయ, హలపీన్యో మిరప ఊరగాయ ముక్కలు అడిగితే నోటికి కాస్త కారం తగులుతుంది. పాన్‌కేక్, వాఫిల్ రెంటిలోనూ గుడ్డు ఉంటుంది.

పాకం_పంతులు: ఇక మిఠాయి బీరువా. పాకాలు తెలిసినవాళ్ళకి ఇది సొంతిల్లే. ఫడ్జ్ (పాలు, వెన్న, పంచదారతో చేసే మెత్తటి ముక్క) అంటే ఉండ పాకం, సుమారు 238 ఫారెన్‌హీట్ (114 సెల్సియస్). క్యారమెల్ ఇంకాస్త ముదురు, 245 దగ్గర. పీనట్ బ్రిటిల్ 300 దగ్గర, నీళ్ళలో వేస్తే టక్కున విరిగే ముదురు పాకం. అందులో దించేముందు వంటసోడా వేస్తారు. పాకం బుసబుసా పొంగి లోపల గాలి బుడగలు నిలుస్తాయి. అందుకే మన పల్లీ పట్టీలా పళ్ళకి ఎదురు తిరగదు.

ఫడ్జ్ దించాక కదపకుండా 110 ఫారెన్‌హీట్ దాకా చల్లారనిచ్చి అప్పుడు కలపాలి. తొందరపడి వేడిలోనే కలిపితే పంచదార పెద్ద పలుకు కడుతుంది, నాలుక మీద ఇసకలా తగులుతుంది. కొనేముందు కోసిన అంచు చూడండి. తెల్లగా పొడిబారి పెచ్చు కట్టిందంటే కోసి చాలా సేపయింది, కొత్త పలక కొయ్యమనండి. రుచికి చిన్న ముక్క అడిగితే తప్పు పట్టరు.

మీ అందరికీ పనికిరానివి: మార్ష్‌మాలో, గమ్మీలు, మార్ష్‌మాలో కలిపిన రాకీ రోడ్ చాక్లెట్ (వీటిలో జంతువుల ఎముకలు, తోలు నుంచి తీసే జెలటిన్ ఉంటుంది). పెద్దవాళ్ళకి డివినిటీ కూడా వద్దు, అది గుడ్డు తెల్లసొన గిలక్కొట్టి చేసేది. మెరుస్తుండే జెల్లీ బీన్స్ పైపూత లక్క పురుగు నుంచి వచ్చే లక్క కావచ్చు, పట్టింపు ఉంటే మానేయండి.

చేత్తో ముంచిన చాక్లెట్ల నెత్తిన సన్నటి గీతో, మెలికో ఉంటుంది చూడండి. అది అలంకారం కాదు. లోపల ఏముందో తెలియడానికి ముంచినవాళ్ళు వేలితో లాగే గుర్తు. ఏ కొట్టు గుర్తులు ఆ కొట్టువే, అడిగితే సంబరంగా చెప్తారు.

పప్పుచారు_ప్రియం: పంతులుగారూ, ఎంత కొనాలి? చాక్లెట్లు హోటల్ ఫ్రిజ్‌లో పెట్టొచ్చా?

కౌంటర్_స్టూలు: ఫ్రిజ్‌లో పెట్టేయండి, కరిగిపోవడం కన్నా నయం.

పాకం_పంతులు: బాబాయ్, అదే వద్దనేది! బయటికి తీయగానే చెమ్మ పడుతుంది. పై పంచదార కరిగి, ఆరాక తెల్లటి గరుకు మచ్చలవుతాయి. 18-20 సెల్సియస్ గది చాలు. తప్పదంటే గాలి చొరని డబ్బాలో పెట్టి, తీశాక మామూలు వేడికి వచ్చేదాకా మూత తీయకండి. అసలు ముప్పు కారులో. కోకో వెన్న 34 దగ్గర కరుగుతుంది, ఎండలో ఆపిన కారు 50 దాటుతుంది. ఐస్ పెట్టెలో ఐసుకి ఆనకుండా తువ్వాలు చుట్టి పెట్టండి. వానపూట బ్రిటిల్ కొనొద్దు, చెమ్మ లాగి జిగురు తేలుతుంది. తూకం పౌండ్లలో ఉంటుంది: పావు పౌండు 113 గ్రాములు, అర పౌండు 227. రకానికి పావు చొప్పున మొదలుపెట్టండి.

సోడా_బుడ్డి: తాగేవి మర్చిపోయారు. మాల్ట్ అంటే మిల్క్ షేక్‌లో బార్లీ, గోధుమ మాల్ట్ పాలపొడి కలిపింది, గ్లూటెన్ పడనివాళ్ళు జాగ్రత్త. గ్లాసులో పోయగా మిగిలింది స్టీలు గ్లాసుతో సహా పక్కన పెడితే అది పాత పద్ధతి. ఫాస్ఫేట్ అంటే సిరప్, సోడా, కొన్ని చుక్కల యాసిడ్ ఫాస్ఫేట్ అనే పుల్లటి ద్రావణం. నిమ్మసోడా పులుపే, నిమ్మ వాసన లేకుండా. చెర్రీతో మొదలుపెట్టండి.

1920-33 మధ్య మద్యం నిషేధంలో ఈ సోడా కౌంటర్లకి గిరాకీ పెరిగింది. మిడ్‌వెస్ట్‌లో (ఇండియానా, అయోవా ఉన్న ప్రాంతం) వీటిలో చాలావాటిని పెట్టింది గ్రీకు వలసదారులు. ఇండియానా కొలంబస్‌లో జహరాకోస్ అనే కొట్టు 1900 నాటిది, ఓనిక్స్ రాతి సోడా ఫౌంటెన్లూ, తనంతట తనే వాయించే పెద్ద ఆర్కెస్ట్రియన్ వాద్యమూ చూడాల్సిందే. అయోవాలో విల్టన్ క్యాండీ కిచెన్ మీ దారికి దగ్గరే. మిస్సోరీలోని సెయింట్ లూయీ దాకా వెళ్తే 1913 నాటి క్రౌన్ క్యాండీ కిచెన్‌లో అరగంటలో ఐదు మాల్ట్‌లు తాగితే డబ్బు అక్కర్లేదన్న పందెం ఉంది. మధుమేహం ఉన్నవాళ్ళు చూసి ఆనందించండి చాలు.

గుడ్డుకి_దూరం: టిప్ సంగతి. టేబుల్ దగ్గర వడ్డిస్తే 18-20 శాతం. ఇండియానా లాంటి రాష్ట్రాల్లో టిప్ తీసుకునేవాళ్ళ కనీస జీతం గంటకి 2.13 డాలర్లే, ఫెడరల్ లెక్క 1991 నుంచి కదల్లేదు. మిఠాయి తూచి ఇచ్చినందుకు తప్పనిసరి కాదు, గల్లా దగ్గర డబ్బా ఉంటే చిల్లర వేయండి. భోజనం, మిఠాయి బిల్లులు విడివిడిగా అడిగితే లెక్క తేలిక.

పప్పుచారు_ప్రియం: ఇండియాకి?

పాకం_పంతులు: బ్రిటిల్, టాఫీ పట్టుకెళ్ళండి. లోపల క్రీమ్ ఉన్న చాక్లెట్లు ఇక్కడే తినేయండి. ఫడ్జ్ గట్టిదే కాబట్టి చేతి సంచిలో రానిస్తారు. కానీ ఎక్స్‌రేలో మందపాటి దిమ్మలా కనిపించి సంచి విప్పించవచ్చు, ముందే విడిగా ట్రేలో పెట్టండి. క్యారమెల్ సాస్ సీసా 100 మిల్లీలీటర్లు దాటితే పెద్ద పెట్టెలోకే.